పటికలో నాలుగో అంకె: సూరి భగవంతం గారు

సూరి భగవంతం గారి పేరు మన పెద్దవాళ్లలో చాలామంది వినే ఉంటారు. కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో సందర్భంలో విన్నారు. 1950ల్లో హైదరాబాదులో చదివినవాళ్లకు ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలరు. బెంగళూరు వెళ్లినవాళ్లకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. రక్షణ శాఖలో ఉద్యోగం చేసినవాళ్లకు మంత్రిగారి శాస్త్ర సలహాదారు. పుట్టపర్తి వెళ్లివచ్చినవాళ్లకు, సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాన్ని పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పిన పెద్దమనిషి. అన్నీ నిజాలే. కానీ స్ఫటికాల మీద పరిశోధన చేసేవాళ్లకు తెలిసిన భగవంతం గారు ఇంకొకరు ఉన్నారు. యాభై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోని ఒక తప్పును ఆయన వాల్తేరులో కూర్చుని కాగితం మీద పట్టుకున్నారు. ఈ వ్యాసం ఆయన గురించి.

ఆయన 1909 అక్టోబరు 14న పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో భౌతిక శాస్త్రం చదివారు. 1928లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకుండానే, కలకత్తా బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కు, సి.వి. రామన్ దగ్గరకు చేరారు. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోదగ్గది. ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి కొత్త కాంతి పరిక్షేపణను కనిపెట్టారు. నోబెల్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. ప్రయోగశాల పేరుకే పెద్దది, పరికరాలు కొద్ది. సూర్యకాంతి, పాదరస దీపం, చిన్న స్పెక్ట్రోగ్రాఫు, ఫోటో ప్లేట్లు, వాటితోనే పని. అలాంటి చోట కుర్రవాడు నేర్చుకునేది పరికరం గొప్పతనం కాదు, ప్రశ్న వేసే పద్ధతి.

ఆ గదుల్లో తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఒక పదార్థం గుణం అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుందా, లేక దిక్కును బట్టి మారుతుందా?

వెదురు బొంగును నిలువునా ఒక్క దెబ్బకు చీల్చవచ్చు. అడ్డంగా నరకాలంటే చెమట పడుతుంది. బొంగు ఒకటే, కత్తి ఒకటే, మారింది దిక్కు. స్ఫటికాల్లో కాంతి విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాల్సైట్ రాయిని అచ్చుకాగితం మీద పెడితే ప్రతి అక్షరమూ రెండుగా కనిపించడం మనలో కొందరికి ప్రయోగశాల రోజుల నుంచి గుర్తుండే ఉంటుంది. లోపలికి వెళ్లిన కిరణం రెండుగా చీలుతుంది. ఒకదానికి వక్రీభవన గుణకం 1.658, రెండోదానికి అది దిక్కును బట్టి 1.486 దాకా తగ్గుతుంది. గాజులో ఇలా జరగదు. గాజులో అణువులకు వరుస లేదు. కాల్సైట్‌లో వరుస ఉంది, వరుసకు ఒక ముఖం ఉంది.

భగవంతం గారు కలకత్తాలో చేసిన తొలి పనుల్లో ఒకటి నాఫ్తలీన్ స్ఫటికం మీద. నాఫ్తలీన్ అంటే మన బీరువాల్లో వేసుకునే కలరా ఉండల సరుకే. ఆ అణువు బల్లపరుపుగా ఉంటుంది. అయస్కాంత క్షేత్రంలో ఆ స్ఫటికం ఒక్కో దిక్కులో ఒక్కోలా స్పందిస్తుంది. ఆ తేడాను కొలిస్తే లోపల అణువులు ఎటు తిరిగి పడుకున్నాయో తెలుసుకోవచ్చు. 1929లో ఈ పని లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. రాసినవాడి వయసు అప్పటికి దాదాపు ఇరవై. ఆ వయసులో మనమంతా ఏం చేస్తున్నామో ఇక్కడ అడగను.

వజ్రం మీద కూడా అప్పుడే చేయి వేశారు. వజ్రం రామన్ వర్ణపటంలో 1332 దగ్గర ఒకే ఒక్క పదునైన గీత కనిపిస్తుంది (తరంగ సంఖ్య, సెంటీమీటరుకు). ఆ కాలంలో ఆ గీతను గమనించినవాళ్లలో ఆయనా ఒకరు. అంత గట్టి రాయిలో ఒక్క గీతే ఎందుకు? వజ్రం మూల గదిలో రెండు కార్బన్ పరమాణువులు. పరమాణువుకు మూడు చొప్పున ఆరు కదలికలు సాధ్యం. అందులో మూడు స్ఫటికమంతా కలిసి కదిలేవి, ధ్వని తరంగాలకు చెందినవి. మిగిలిన మూడూ వజ్రపు సౌష్ఠవం వల్ల ఒకే పౌనఃపున్యం మీద పడతాయి. మూడూ కలిసి ఒక గీత. లెక్క ఇంతే, కానీ ఈ లెక్కను ఏ స్ఫటికానికైనా పనిచేసేలా విస్తరించడానికి ఆయనకు మరో పదేళ్లు పట్టింది.

1931లో రామన్‌తో కలిసి ఫోటాన్‌కు భ్రమణం ఉందని ప్రయోగం ద్వారా చూపే పత్రం వెలువరించారు. ఆ మరుసటి ఏడాదే కలకత్తా వదిలేశారు.

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం వయసు ఆరేళ్లు. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలరు. వాల్తేరు కొండ మీద సైన్సు కాలేజీ అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. కలకత్తాలో రామన్ పక్కన పనిచేసినవాడు, విదేశాలకు వెళ్లే వీలున్నవాడు, ఇక్కడికొచ్చి మొదటి సంవత్సరం పిల్లలకు కటకాలు, దర్పణాలు చెప్పడం చిన్న నిర్ణయం కాదు. పక్కనే రంగధామరావు గారు వర్ణపట శాస్త్రానికి వేళ్లూనేలా చేస్తున్నారు. తెలుగునాట భౌతిక శాస్త్ర పరిశోధన అనేదానికి ఒక చిరునామా ఏర్పడింది ఆ రోజుల్లోనే, ఆ కొండ మీదే.

అక్కడ ఆయనకు దొరికిన గొప్ప తోడు ఒక గణిత శాస్త్రవేత్త, టి. వేంకటరాయుడు గారు. గ్రూప్ థియరీ అప్పట్లో గణిత శాఖవాళ్ల సొత్తు. ప్రయోగాలు చేసే భౌతిక శాస్త్రజ్ఞులు దాని జోలికి పెద్దగా వెళ్లేవారు కాదు. స్ఫటికాన్ని ఎన్ని రకాలుగా తిప్పితే, ఎన్ని అద్దాల్లో చూస్తే మళ్లీ మొదటిలాగే కనిపిస్తుందో ఆ తిప్పుళ్లన్నిటినీ ఒక కుటుంబంగా చూడటమే ఇందులో కీలకం. 1939లో ఇద్దరూ కలిసి, స్ఫటికం మూల గదిలోని పరమాణువుల అమరిక తెలిస్తే దానికి ఎన్ని రామన్ గీతలు రావాలి, అవి ఏ దిక్కు ధ్రువిత కాంతిలో కనిపించాలి అన్నది ముందే చెప్పగల పద్ధతిని ప్రకటించారు. ప్రయోగం చేయకముందే జవాబు ఎలా ఉండాలో తెలుస్తుంది. జవాబు అలా రాకపోతే అమరిక గురించి మనం అనుకున్నదే తప్పు. ఈ పద్ధతికి ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. 1948లో ఇద్దరూ రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. ఆ రోజుల్లో అలాంటి పుస్తకం వాల్తేరు నుంచి వెలువడి, దేశదేశాల ప్రయోగశాలల్లో చేతులు మారింది.

ఇక అసలు కథకొస్తాను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలాల్సి వచ్చింది. పరికరాలు పెట్టెల్లోకి, పిల్లలు రైళ్లలోకి. ఆ సంవత్సరమే ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో భగవంతం గారి పత్రం ఒకటి వచ్చింది. విషయం: స్ఫటికాలను నొక్కితే వాటి గుండా వెళ్లే కాంతి ఎలా మారుతుంది.

ఈ విద్యకు మూలపురుషుడు జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ పోకెల్స్. 1889లోనే దీనికి సిద్ధాంతం కట్టాడు, 1906లో స్ఫటిక ప్రకాశ శాస్త్రం మీద పెద్ద గ్రంథం రాశాడు. నొక్కని స్ఫటికంలో కాంతి ఒక రకంగా పోతుంది. దాన్ని ఒక దిక్కులో నొక్కితే లోపలి అమరిక కొద్దిగా నలిగి, దిక్కుదిక్కుకూ వక్రీభవన గుణకం మారుతుంది. ఏ దిక్కులో నొక్కితే ఏ దిక్కులో ఎంత మారుతుందన్నది కొన్ని అంకెలతో చెప్పాలి. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 36 అంకెలు కావాలి. గాజులాంటి పదార్థానికి రెండు చాలు. మధ్యలోవాటికి సౌష్ఠవాన్ని బట్టి తగ్గుతూ పోతాయి. మొత్తం స్ఫటిక తరగతులు 32. పోకెల్స్ వాటిని 9 గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకు ఎన్ని అంకెలో పట్టిక వేశాడు. ఘనాకార స్ఫటికాలన్నీ ఒకే గుంపు, వాటికి మూడు అంకెలు. ప్రపంచమంతా ఆ పట్టికనే ఎక్కించుకుంది.

భగవంతం గారు తన గ్రూప్ థియరీతో ఒక్కో తరగతినీ మళ్లీ లెక్కపెట్టారు. కొన్ని చోట్ల లెక్క కలవలేదు. ఘనాకార స్ఫటికాల ఐదు తరగతుల్లో రెండింటికి మూడు కాదు, నాలుగు అంకెలు రావాలి. షడ్భుజ స్ఫటికాల్లోనూ కొన్నింటికి అంతే, పోకెల్స్ ఇచ్చినవాటికంటే ఎక్కువ రావాలి. గుంపులు 9 కాదు, 11.

ఎందుకో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు, తరగతి గదిలో చూపించవచ్చు. సుద్దముక్కతో ఒక ఘనం గీయండి. నాలుగు పక్కలా ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. ఇప్పుడు ప్రతి ముఖం మధ్యలో ఒక్కో గీత గీయండి, ఎదురెదురు ముఖాల గీతలు సమాంతరంగా, పక్కపక్క ముఖాల గీతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా. పైరైట్ అనే ఖనిజం ఘనాల మీద ప్రకృతే ఇలాంటి చారలు గీస్తుంది. ఇప్పుడా ఘనాన్ని నిలువు అక్షం మీద పావు వంతు తిప్పండి. నిలువుగా ఉన్న గీత ఉన్నచోటికి అడ్డగీత వచ్చింది. అంటే ఇది మునుపటి ఘనం కాదు. సగం తిప్పితేనే సరిపోతుంది. ఆకారం ఘనమే, సౌష్ఠవం మాత్రం తక్కువ. ఇలాంటి స్ఫటికాన్ని పైనుంచి కిందికి నొక్కి, ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఇంకోసారి ఎడమ నుంచి కుడికి కాంతిని పంపితే, రెండు చూపులూ ఒకటే కావాల్సిన పని లేదు. మామూలు ఘనంలో ఆ రెండూ ఒకటే. పోకెల్స్ ఈ రెండు రకాల ఘనాలనూ ఒకే గాటన కట్టాడు. నాలుగో అంకె పోయింది అక్కడే.

పోకెల్స్‌ను తప్పుపట్టాలని ఇది చెప్పడం లేదు. స్ఫటికాల స్థితిస్థాపకత, అంటే నొక్కితే ఎంత నలుగుతుందనే లెక్కలో, ఘనాలన్నిటికీ మూడు అంకెలే సరైనవి. అక్కడ ఈ తేడా కనిపించకుండా పోతుంది. అలవాటు కొద్దీ అదే వర్గీకరణ కాంతి లెక్కలోకీ వచ్చేసింది. గొప్పవాళ్ల పట్టికలను నమ్మడం మనందరికీ అలవాటే. ఎవరో ఒకరు మళ్లీ మొదటినుంచి కూడాలి, అంతే.

కాగితం మీద చెప్పింది నిజమో కాదో చూడాలి. పైరైట్ గుండా కాంతి పోదు. అదృష్టం కొద్దీ అదే తరగతిలో మన ఇంట్లో ఉండే సరుకు ఒకటుంది: పటిక. నీళ్లు తేటపడటానికి తిప్పేది, మంగలి గడ్డం గీశాక రుద్దేది. నీళ్లలో కరిగించి నెమ్మదిగా ఆరనిస్తే చక్కని పారదర్శక స్ఫటికాలు పెరుగుతాయి. బేరియం నైట్రేటు కూడా అదే తరగతి. యుద్ధం అయిపోయాక భగవంతం గారు, సూర్యనారాయణ గారు కలిసి ఈ రకం స్ఫటికాల మీద కొలతలు చేశారు. స్ఫటికాన్ని దిక్కు చూసుకుని కోసి, ముఖాలు నునుపు చేసి, ఎదురెదురు ధ్రువకాల మధ్య పెట్టి, పైన బరువు వేస్తారు. చీకటిగా ఉన్న చోట వెలుగు పుడుతుంది. ఆ వెలుగును కాంపెన్సేటరుతో మళ్లీ చీకటి చేస్తే ఎంత తేడా వచ్చిందో అంకె దొరుకుతుంది. రెండు చూపులకూ రెండు వేర్వేరు అంకెలు వచ్చాయి. నాలుగో అంకె ఉంది. ఇప్పటి పాఠ్యగ్రంథాల్లోని పట్టికలు ఆయన లెక్క ప్రకారమే 11 గుంపులుగా ఉంటాయి.

ఆయన చేయి పట్టినవన్నీ ఇంత శుభ్రంగా తేలలేదు, అదీ చెప్పాలి. భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం స్థితిస్థాపక అంకెలను అతిధ్వనులతో కొలిచారు. గింజంత రాయిని పట్టుకుని వంచడం, లాగడం కుదరదు. అందుకని క్వార్ట్జ్ వెడ్జ్ నుంచి పౌనఃపున్యం నెమ్మదిగా మారే ధ్వనిని పంపి, రాయి ఏ పౌనఃపున్యాలను దాటనిస్తుందో చూశారు. ఎంతో చమత్కారమైన పద్ధతి. 1946లో రాయల్ సొసైటీలో అచ్చయింది. కానీ 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మరింత మెరుగైన పరికరాలతో కొలిస్తే అంకెలు మారాయి. ముఖ్యంగా ఒకటి చాలా మారింది. వజ్రం అంకెలను మొదట కొలిచిన గౌరవం మాత్రం వాల్తేరుదే.

1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర వ్యవహారాల అధికారిగా వెళ్లారు. మరుసటి ఏడాది ఉస్మానియాకు వచ్చారు. 1952 నుంచి 1957 దాకా అక్కడే వైస్ ఛాన్సలరు. తర్వాత 1962 దాకా బెంగళూరులో డైరెక్టరు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి సతీష్ ధవన్ వచ్చారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం, రెండూ ఆ ఎనిమిదేళ్లలోనే వచ్చాయి. ఈ పదవుల జాబితా పెద్దది, ఇంకా పొడిగించవచ్చు. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా నాకు ఇక్కడ కొంచెం బాధ కలుగుతుంది. నలభై నిండగానే ఫైళ్లలోకి వెళ్లిపోయిన మనిషి వాల్తేరులోనే ఉండి ఉంటే ఇంకెన్ని పట్టికలు దిద్దేవారో. ఆయన ఫైళ్లు చూడకపోతే వేరేవాళ్లకు ప్రయోగశాలలు దొరికేవి కావనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటా కొట్టివేయలేను.

ఒక్క విషయం మాత్రం ఆశ్చర్యం. సలహాదారుగా ఢిల్లీలో తలమునకలుగా ఉన్న 1966లోనే స్ఫటిక సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఆయన పుస్తకం విదేశాల్లో వెలువడింది. పట్టికలన్నీ అందులో ఒకచోట చేరాయి. స్ఫటికాలను వదలలేదన్నమాట. ఆయన పెంచిన పద్ధతి ఉస్మానియాలోనూ నిలిచింది. అక్కడ పనిచేసిన టి.ఎస్. నరసింహమూర్తి గారు 1981లో స్ఫటికాల ఫోటోఎలాస్టిక్ గుణాల మీద రాసిన లావుపాటి గ్రంథం ఈనాటికీ ఈ రంగంలో చేతిపుస్తకం. రామన్ 1970లో పోయినప్పుడు రాయల్ సొసైటీ ఆయన జీవిత చరిత్ర రాసే పని అప్పగించింది కూడా భగవంతం గారికే.

1989 ఫిబ్రవరి 6న భగవంతం గారు కన్నుమూశారు. ఆ తర్వాత పదిహేనేళ్లకు స్ఫటికాల లోకమే మారిపోయింది. 2004 నుంచి, గ్రాఫైట్ మీద టేపు అంటించి లాగి ఒక్క పరమాణువు మందం పొరను విడదీసే విద్య వచ్చింది. అదే తరహాలో మాలిబ్డినం డైసల్ఫైడు, నల్ల భాస్వరం వంటివాటి పొరలనూ విడదీస్తున్నారు. మాలిబ్డినం డైసల్ఫైడు ఒక్క పొర మందం ఒక నానోమీటరు కూడా ఉండదు. దాని దొంతరలో పొర వెంట ఊగే కాంతికీ, పొరకు అడ్డంగా ఊగే కాంతికీ వక్రీభవన గుణకంలో తేడా పరారుణ కాంతిలో దాదాపు 1.5. కాల్సైట్‌లో ఆ తేడా 0.17. అక్షరాలను రెండుగా చూపించే రాయికంటే తొమ్మిది రెట్లు.

ఇంత పల్చని పలకను కోయలేం, నునుపు చేయలేం, పైన బరువు పెట్టి నొక్కలేం. అందుకే దిక్కు కొలవడానికి వేరే దారి పట్టారు. లేజరు కాంతిని సూక్ష్మదర్శినిలోంచి ఆ చిన్న పలక మీదికి దించి, దాని ధ్రువణ దిక్కును కొద్ది కొద్దిగా తిప్పుతూ రామన్ గీతల తీవ్రతను రాసుకుంటారు. నల్ల భాస్వరంలో 362, 439, 467 దగ్గర మూడు గీతలు కనిపిస్తాయి. దిక్కు తిరుగుతున్నకొద్దీ మూడూ ఒకేలా పెరగవు, తగ్గవు. ఏ గీత ఎప్పుడు మాయమవుతుంది, ఎప్పుడు పైకి లేస్తుంది అన్నదాన్ని బట్టి పలకలో పరమాణువుల వరస ఎటు ఉందో చెప్పేస్తారు. ఏ గీత ఏ దిక్కులో కనిపించాలో ముందుగా చెప్పే లెక్క సౌష్ఠవం నుంచే వస్తుంది. మూల గదిలో పరమాణువులెన్ని, ఏ తిప్పుళ్లకు గది మారకుండా ఉంటుంది, ఏ కదలిక ఏ ధ్రువణానికి లొంగుతుంది. 1939లో వాల్తేరులో ఒక భౌతిక శాస్త్రవేత్తా, ఒక గణిత శాస్త్రవేత్తా పక్కపక్కన కూర్చుని లెక్కపెట్టినది ఇదే. మన బడి పిల్లల్లో భౌతిక శాస్త్రంలో పరిశోధనకు వెళ్లినవాళ్లు కొందరు ఈ సంచిక చదువుతుంటారు. వాళ్ల ప్రయోగశాల గ్రంథాలయంలో 1948 నాటి ఆ పుస్తకం ఉంటే ఒకసారి తీసి, మొదటి పేజీలో ప్రచురణకర్త పేరు చూడమని కోరుతున్నాను.